తిప్పి కుట్టిన కోటు

చలికాలం వచ్చిందంటే ఆ దర్జీ దుకాణంలో పొద్దున్నే మొదట వినిపించేది మిషను చప్పుడు కాదు, కుట్లు తెగే చప్పుడు. మేడమీద కిటికీ పక్కన దర్జీ చెల్లెలు బ్లేడు పట్టుకుని కూర్చుని పాత కోట్ల కుట్లు విప్పేది. విప్పిన ముక్కలు మెట్లమీంచి కిందికి జారవిడిస్తే దర్జీ వాటిని దులిపి, తిరగేసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ కుట్టేవాడు. చివర్లో కాజాలూ బొత్తాలూ కూతురి పని. చిన్నప్పటి నుంచీ అదే పని కాబట్టి ఆ అమ్మాయిని ఊరంతా బొత్తాం అనే పిలిచేది. తల్లి పోయాక ఇంట్లో అసలు పేరుతో పిలిచే మనిషీ లేకపోయింది.

కోటు తిప్పి కుట్టడం ఆ ఊళ్ళో పెద్ద విద్య. పైవైపు గుడ్డ ఎండకీ వానకీ వెలిసిపోతుంది, లోపలివైపు నిగనిగలాడుతూనే ఉంటుంది. అన్ని కుట్లూ విప్పి లోపలిది పైకి వచ్చేలా కుడితే కొత్త కోటే. చిక్కల్లా ఒకటే. తిరగేసేసరికి ఎడమవైపు ఉండాల్సిన పై జేబు కుడివైపుకి వచ్చేస్తుంది. ఎంత మంచి దర్జీ అయినా దాన్ని దాచలేడు. అందుకని ఆ ఊరి మగవాళ్ళకి మాట్లాడేటప్పుడు కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకునే అలవాటు వచ్చింది. పైఊళ్ళవాళ్ళు చూసి, అబ్బ, ఎంత మర్యాదస్తులో అనుకునేవాళ్ళు.

గుడ్డకి మాత్రం కరువు లేదు. ఆ ఊరిని ఏలని సామ్రాజ్యం లేదు. బూడిదరంగు సైన్యం వచ్చింది, ఏలింది, ఓడి పారిపోతూ గోదాముల నిండా కోట్లు వదిలేసిపోయింది. తర్వాత ఆకుపచ్చవాళ్ళు. ఆ తర్వాత సముద్రం దాటి వచ్చిన ఇటుకరంగువాళ్ళు, మళ్ళీ బూడిదరంగువాళ్ళ మనవలు. ఎవరు గెలిచినా ఓడినా చలి మాత్రం పోలేదు, ఉన్ని మాత్రం చిరగలేదు. చచ్చిన వాళ్ళ కోట్లు, పారిపోయిన వాళ్ళ కోట్లు, వెళ్ళగొట్టబడిన వాళ్ళ కోట్లు, అన్నీ ఏదో ఒక దారిన దర్జీల చేతిలో పడేవి.

ఒక్కటే సంగతి. తిప్పినా సరే, కోటు పాత ఇంటిని మర్చిపోయేది కాదు. అప్పుడప్పుడూ, బజారుకి వెళ్తుంటేనో ఆఫీసుకి వెళ్తుంటేనో, ఉన్నట్టుండి పాదాలు ఇంకో వీధిలోకి తిరిగేవి. కోటు వేసుకున్న మనిషి కోటు తీసుకెళ్ళిన చోటికి వెళ్ళాల్సిందే. లాగుతున్నంతసేపూ బొత్తాలు ఊడవు. అది ఎవరింటి గుమ్మమో అక్కడికి చేరి, లోపలికెళ్ళి కాసేపు కూర్చుంటే, అప్పుడు వదిలేది. అందుకని ప్రతి ఇంట్లోనూ గుమ్మం పక్కన ఒక పీట, పొయ్యి మీద వేణ్ణీళ్ళు ఉండేవి. "ఎవరో కోటు వచ్చింది, పీట వెయ్యవే," అనేవాళ్ళు లోపల్నుంచి. వచ్చినవాడు వేణ్ణీళ్ళు తాగి, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. ఆలస్యంగా వచ్చిన గుమస్తా "కోటు లాగింది సార్" అంటే ఏ ఆఫీసరూ ఎదురు అడిగేవాడు కాదు. ఆయన కోటు ఆయన్ని నెలకోసారి గుర్రాల పాకలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టేది మరి.

బొత్తాం కోటు మాత్రం ఏనాడూ లాగలేదు. ముదురు నీలం ఉన్ని, మెత్తటిది. ఆమెకి ఈడొచ్చిన ఏడు అత్త పెట్టెలోంచి తీసింది, నాన్న తిప్పి కుట్టాడు. అప్పట్నుంచీ అది వేసుకుని పొద్దున బయటికెళ్ళడం, సాయంత్రం బుద్ధిగా ఇంటికి రావడం. అదే దర్జీకి పెద్ద పేరు తెచ్చింది.

"నా చేత్తో తిప్పితే కోటు పాతదంతా మర్చిపోవాల్సిందే. కావాలంటే మా బొత్తాన్ని చూడండి," అనేవాడు ఆయన.

"మాకూ బొత్తాం కోటులాగా కుట్టిపెట్టండి బాబూ," అంటూ పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. మేడమీద బ్లేడు చప్పుడు ఆ కాసేపూ ఆగేది.

అలా వచ్చిన వాళ్ళలో చరిత్ర మేష్టారు ఒకరు. వంతెన అవతల బడిలో చెప్తారు. కోటు అయ్యేదాకా పుస్తకం చదువుకుంటూ కూర్చునేవారు, బొత్తాం కాజాలు వేస్తూ ఆ పుస్తకాన్నే తలకిందులుగా చదివేది. ఒకసారి ఆయన పేజీ తిప్పబోతుంటే "ఉండండి మేష్టారూ, ఇంకా రెండు లైన్లున్నాయి," అంది. ఆయన నవ్వి పుస్తకం ఆమెవైపు తిప్పారు. తర్వాత పుస్తకాలు ఆమె దగ్గరే వదిలెయ్యడం మొదలుపెట్టారు. ఏ రాజు ఏ నది దాటాడు, ఏ సామ్రాజ్యం ఉప్పు కోసం యుద్ధం చేసింది, ఏది నీలిమందు కోసం చేసింది, ఒక నౌకాదళం మునిగితే ఇంకో ఖండంలో ఏ భాష చచ్చిపోయింది, ఇవన్నీ బొత్తాలతోపాటు ఆ అమ్మాయి వేళ్ళలోకి వచ్చేశాయి.

"ఆ సామ్రాజ్యాలన్నీ మన అటక మీదే ఉన్నాయి కదే," అనేది అత్త. "పురుగు కొట్టకుండా చూడు, చాలు."

ఆ చలికాలం మేష్టారు ఒక కబురు తెచ్చారు. బడిలో చరిత్రకి సహాయ ఉపాధ్యాయురాలు కావాలట. పట్టాలు అడగరు, నోటి పరీక్ష పెడతారు. నెగ్గితే బడి వెనకే గది ఇస్తారు. ఆ మాట విన్నప్పట్నుంచీ బొత్తానికి నిద్ర పట్టలేదు. నెగ్గకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మెట్లెక్కి పైకి చూస్తే చాలు, కిటికీ పక్కన బ్లేడు పట్టుకుని తన ముసలితనం కనిపించేది.

పరీక్ష రోజు పొద్దున్నే బయల్దేరింది. వంతెన నడిమధ్యకి వచ్చేసరికి కుడికాలు ముందుకి పడలేదు. ఎడమకాలు అయినా పడుతుందేమోనని చూసింది. రెండూ కలిసి వెనక్కి తిరిగాయి.

"అయ్యో, ఇవాళ కాదు! నా తల్లీ, ఇవాళ కాదు!" అంది కోటుతో. బొత్తాలు లాగింది. తను కుట్టినవే, ఎంత గట్టిగా కుట్టిందో అప్పుడు తెలిసింది. వంతెన మీద ఎదురొచ్చిన పాలవాడు పక్కకి తప్పుకుంటూ, "లాగుతోందా? వెళ్ళిరామ్మా, దాంతో పెట్టుకోకు," అన్నాడు.

ఎవరింటికి లాక్కెళ్తుందోనని ఏడుస్తూ నడిచింది. తీరా చూస్తే తమ వీధే. తమ ఇల్లే. ఇక్కడే ఆగుతుందనుకుంది. ఆగలేదు. దుకాణం గుమ్మం దాటి, పక్కసందులోంచి పెరటి తలుపుకి వెళ్ళింది. ఆ తలుపు తెరిచి ఏళ్ళయింది. భుజంతో తోసి, గుడ్డమూటలు ఎక్కి దిగి, పెరటి మెట్లు ఎక్కింది. మేడమీద అత్త కిటికీకి ఒక పక్క కూర్చునుంది. రెండో పక్క గోడవార ఒక మనిషి కూర్చునేంత చోటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది, అక్కడ అత్త ఒక్క మూట కూడా పెట్టనిచ్చేది కాదు. బొత్తాం కాళ్ళు సరిగ్గా అక్కడే మడత పడ్డాయి. వీపు గోడకి ఆనింది. వెలుతురు వేళ్ళ మీద పడింది, కాజాలు వెయ్యడానికి అంతకంటే మంచి వెలుతురు ఇంట్లో ఇంకెక్కడా లేదు.

అత్త లేచింది. కిందికి వెళ్ళి గుమ్మం పక్క పీట తెచ్చి వేసింది. గ్లాసుతో వేణ్ణీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"నాకెందుకత్తా ఇవన్నీ? నేనేమన్నా పైదాన్నా?"

"నీక్కాదే," అంది అత్త. "కోటుకి."

పైబొత్తాం దానంతటదే ఊడింది.

మిగతాది బొత్తాం గుచ్చిగుచ్చి అడిగితే ముక్కలుముక్కలుగా వచ్చింది, అత్త కుట్లు విప్పినట్టే. దుకాణం ఒకప్పుడు నాన్నది కాదు. పెద్దదర్జీది. ఆయనా ఆయనవాళ్ళూ అవతలి భాష మాట్లాడేవాళ్ళు. నాన్న ఆయన దగ్గర పనివాడు. పెద్దదర్జీ కూతురూ అత్తా ఒక ఈడు వాళ్ళు, కిటికీకి చెరో పక్కా కూర్చుని కాజాలు వేసేవాళ్ళు. యుద్ధం అయిపోయి సరిహద్దు కొత్తగా గీశారు. అవతలి భాష వాళ్ళంతా కట్టుబట్టలతో వంతెన దాటి సరిహద్దు అవతలికి పోవాలన్నారు. సిపాయిలు ఇల్లిల్లూ తిరుగుతూ ఇదెవరి ఇల్లు అని అడుగుతుంటే, "నీదని చెప్పు, మేం తిరిగొచ్చేదాకా," అని పెద్దదర్జీయే నాన్నని గుమ్మంలో నిలబెట్టాడు. నాన్న చెప్పాడు. ఎండాకాలం కాబట్టి ఆ అమ్మాయి కోటు ఇంట్లోనే వదిలి వెళ్ళింది.

"తిరిగి రాలేదా మరి?"

అత్త గ్లాసు తీసి పక్కన పెట్టింది. "వచ్చింది. అదొక్కతే వచ్చింది, తర్వాతి ఏళ్ళలో ఒక చలికాలం. కోటు లేకుండా. దుకాణం ముందు నిలబడి పిలిచింది."

"నాన్నేమన్నాడు?"

"సిపాయిలకి చెప్పిందే దానికీ చెప్పాడు."

"నువ్వెక్కడున్నావు?"

అత్త కిటికీ వైపు చూసింది, అంతే.

సాయంత్రం దర్జీ అన్నం ముందు కూర్చున్నప్పుడు బొత్తాం అడిగేసింది. ఆయన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"రాజ్యాలు మారితే ఇళ్ళు మారతాయమ్మా. మార్చింది నేనా? సరిహద్దు నా సుద్దముక్కతో గీశారా?" అన్నాడు. "ఈ వీధిలో సగం ఇళ్ళు అంతే. తిలాపాపం తలా పిడికెడు. అప్పటికి నీకు పాలు పట్టడానికి కూడా దిక్కులేదు నాకు."

"అప్పటికి నేను పుట్టలేదు నాన్నా."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. రోజూ ముద్దలు కలుపుతూ ఊరి కబుర్లు చెప్పే మనిషి, ఆ రాత్రి లేచి వెళ్ళి కత్తెర నూరుతూ కూర్చున్నాడు.

మర్నాడు మేష్టారు ఆయాసపడుతూ వచ్చారు. "అదృష్టవంతురాలివమ్మాయ్! నిన్న పరీక్షాధికారిగారి కోటు కూడా ఆయన్ని ఎటో ఈడ్చుకుపోయింది. వాయిదా వేశారు. వచ్చే వారం. ఇంకోటి, సరిహద్దు గీసిన ఏడాది గురించి తప్పకుండా అడుగుతారు. పుస్తకంలో ఉంది కదా, ఆ వాక్యం చెప్పు."

ఆ వాక్యం బొత్తానికి కంఠతా వచ్చు. సరిహద్దు ఏర్పడిన పిమ్మట అవతలి భాషవారు తమ ఇష్టప్రకారం వెళ్ళిపోయిరి.

"మేష్టారూ, ఈ ఇల్లెవరిదో మీకు తెలుసా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి కుడిజేబు మీదికి వెళ్ళింది. "ముందు ఆ వాక్యం చెప్పి ఉద్యోగంలో చేరు. తర్వాత నీ తరగతిలో పిల్లలకి నీకు నిజమనిపించింది చెప్పుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని చేరాను."

"చెప్పారా?"

ఆయన వేణ్ణీళ్ళు అడిగి తాగి, చల్లగా ఉన్నాయని కూడా అనకుండా వెళ్ళిపోయారు.

ఇక్కడ బొత్తానికి వచ్చిన ఆలోచన చెప్పుకోదగ్గది కాదు. పెద్దదర్జీ కూతురి గురించి ఏడ్చిన మాట నిజమే, కానీ ఆ వారమంతా ఆలోచించింది వంతెన దాటడం ఎలాగా అని. వేరే కోటు లేదు. కోటు లేకుండా ఆ చలిలో అంతదూరం వెళ్ళి పరీక్షాధికారి ముందు వణుకుతూ నిలబడితే ఎవరిస్తారు ఉద్యోగం? చివరికి అత్త దగ్గరికి వెళ్ళి, "దీన్ని మళ్ళీ తిప్పేద్దామత్తా. ఒకసారి తిప్పితే సగం మర్చిపోయింది కదా, రెండోసారి తిప్పితే ఈ ఇల్లు పూర్తిగా మర్చిపోతుంది," అంది. ఊళ్ళో ఏ దర్జీ కోటుని రెండుసార్లు తిప్పిన పాపాన పోలేదు. వెలిసిన వైపు మళ్ళీ పైకి తెచ్చుకునే పిచ్చివాడెవడు?

అత్త మేనకోడలి మొహంలోకి చూసి, బ్లేడు తీసింది. కుట్లు అంత నెమ్మదిగా విప్పడం బొత్తాం ఎప్పుడూ చూడలేదు. కింద దర్జీకి ఆ చప్పుడు తెలిసింది. మెట్ల దాకా వచ్చి, "రెండోసారికి గుడ్డ చచ్చిపోతుంది," అన్నాడు. బ్లేడు ఆగలేదు. ఆయన కిందికి దిగి మిషను తొక్కడం మొదలుపెట్టాడు, సూదికింద గుడ్డ లేకుండానే.

పరీక్ష రోజు వచ్చింది. మేడమీద అత్తా తనూ చేత్తోనే తిప్పి కుట్టిన కోటు, వెలిసిపోయిన నీలం, చోటు చోటునా పాత కాజాల రఫ్ఫు మచ్చలు, జేబు మాత్రం ఎడమవైపు, ఉండాల్సిన చోట. వంతెన నడిమధ్యలో బొత్తాం ఊపిరి బిగబట్టింది. కాళ్ళు ఆగలేదు. అవతలి ఒడ్డు తగిలింది. సంతోషం పట్టలేక ఆ వాక్యాన్ని పాటలా పాడుకుంటూ నడిచింది.

బడి కనిపించింది. గేటు దగ్గర మేష్టారు చెయ్యి ఊపుతున్నారు. "ఇటమ్మాయ్, ఇటు! పిలుస్తున్నారు!" కాళ్ళు గేటు దాటి తిన్నగా పోతున్నాయి. బొత్తాం కంగారుగా పైబొత్తాం పట్టుకుంది. ఈసారి మొరాయించలేదు, వెన్నలా జారి ఊడింది. రెండోదీ ఊడింది. ఇంకొక్కటి తీస్తే కోటు పక్కన పడేసి లోపలికి పరిగెత్తొచ్చు. వాక్యం నోట్లో తయారుగా ఉంది.

బడి మేడమీద కిటికీ దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి ఆమెనే చూస్తోంది. బహుశా ఏ టీచరో. చూస్తోంది, అంతే, కదలడం లేదు. బొత్తానికి చెవులు మండిపోయాయి. ఆ కిటికీలో తననే చూసుకున్నట్టయింది. రెండు బొత్తాలూ మళ్ళీ పెట్టుకుంది. మేష్టారు పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపు వినపడనంత దూరం వెళ్ళేదాకా తల తిప్పలేదు.

కోటు ఆమెని రైలు పట్టాల వెనక ఇస్త్రీ కొట్ల వరసలోకి తీసుకెళ్ళింది. బొగ్గులపెట్టె ముందు అత్త ఈడు మనిషి ఒకావిడ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడ మొహం చూడలేదు, కోటు చూసింది. పెట్టె పక్కన నిలబెట్టి, దగ్గరికొచ్చి, కాలరు ఎత్తి లోపలి కుట్టు తడిమింది.

"కాజాలు నువ్వేశావా?"

"అవునండి."

"దగ్గర దగ్గరగా బాగా వేశావు. ఎవరు నేర్పారు?"

"మా అత్త."

"దానికి నేను నేర్పాను." కాలరు దింపి అడిగింది. "ఎలా ఉంది?"

"కిటికీ దగ్గరే కూర్చుంటుందండి."

"ఆ రోజూ అక్కడే ఉంది," అంది ఆవిడ. "నాకు కనిపించింది."

పక్క కొట్లలో వాళ్ళు పని ఆపి వింటున్నారు. బొత్తాం కోటు విప్పి రెండు చేతులతో పట్టుకుంది. చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగింది. "ఆ ఇల్లు మీదండి," అంది.

"అది నాకు కొత్త సంగతా?" ఆవిడ కోటు అందుకుని ఒంటికి ఆనించి చూసుకుంది. ఇప్పుడు పట్టదు. చంకలో పెట్టుకుంది. "ఏడవకు. ఏడిస్తే నేను ఓదార్చాలి, నాకు అంత ఓపిక లేదు. ఆదివారం వస్తానని మీ నాన్నతో చెప్పు. ముందు గుమ్మంలోంచే వస్తాను. ఆయన గుమ్మంలో ఉండాలి, మీ అత్త కిందికి దిగి ఉండాలి. ఏం మాట్లాడతానో నాకూ తెలీదు."

బొత్తాం తలూపింది. కూర్చోమని ఆవిడ అనలేదు. మళ్ళీ పెట్టె అందుకుంది.

వంతెన దిగేసరికి మంచు కమ్మేసింది. చెయ్యి చాపితే చెయ్యి కనపడడం లేదు. ఇన్నేళ్ళూ ఇంటిదారి పాదాలే చూసుకునేవి. ఇప్పుడు వాటికి ఏమీ తెలియడం లేదు. రెండు సందులు తప్పి, ఒక మలుపులో దుకాణం కట్టేస్తున్న ముసలాయన దగ్గర ఆగింది. కోటు లేని ఆమెని ఆయన గుర్తుపట్టలేదు.

"తాతా, దర్జీ ఇంటికి ఎటు వెళ్ళాలి?"

"ఏ దర్జీ అమ్మా? వీధికొకడున్నాడు."

"రెండంతస్తుల ఇల్లు. మేడమీద కిటికీ ఉంటుంది."

"మేడ అన్నాక కిటికీ లేకుండా ఉంటుందా?" అని నవ్వాడు ఆయన, తాడు ముడేస్తూ.

బొత్తాం పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి, "సరిహద్దు గీసినప్పుడు వెళ్ళగొట్టారే, పెద్దదర్జీ, ఆయన ఇల్లు," అంది.

"ఓ, అదా! ఆ మాట ముందే అనొచ్చు కదమ్మా," అన్నాడు ముసలాయన. ముడి మీంచి తల కూడా ఎత్తకుండా, మంచులోకి చెయ్యి చాపి తిన్నగా దారి చూపించాడు.